కడగని లిల్లీలు

తెల్లవారి ఐదింటికి మేడెక్కగానే పైడితల్లి పిట్టగోడ మీద చూపుడువేలితో ఒక గీత గీస్తుంది. వేలు ఎంత నల్లబడితే ఆ రోజు పని అంత. సోమవారం నాడు వేలు కాటుక అద్దినట్టు వచ్చింది. నైటీ అంచుకి తుడుచుకుని, కత్తి తీసుకుని డ్రమ్ముల దగ్గరికి నడిచింది.

సగానికి కోసిన నీలం డ్రమ్ములు ఇరవై రెండున్నాయి. పద్నాలుగింటిలో డబుల్ లిల్లీ దుంపలు, మిగతావాటిలో జెర్బెరా, తెల్ల చామంతి. లిల్లీ దుంప ఒకసారి నాటితే నాలుగేళ్ళు అదే చూసుకుంటుంది. ఒక కాడ కోస్తే పక్కనుంచి ఇంకోటి తోసుకొస్తుంది. ఓపిగ్గా నీళ్ళూ ఎరువూ పెట్టడం, వేళకి కొయ్యడం, ఆమె చెయ్యాల్సింది అంతే. వేళంటే కాడకి అడుగునున్న రెండు పూలు విచ్చుకుని, మూడోది ఉబ్బి ఉండాలి. అంతకుముందు కోస్తే వాజులో పై మొగ్గలు విచ్చుకోకుండానే ముడుచుకుపోతాయి. తర్వాత కోస్తే రెండ్రోజులకే రాలతాయి. ఆ రోజు ముప్పై కాడలు అలా కుదిరాయి. ఒక్కొక్కటి మొదలంటా ఏటవాలుగా కోసి, కింది ఆకులు తుంచి, కోసిన వెంటనే బకెట్లో నిలబెట్టింది.

అసలు పని తర్వాత మొదలైంది. బేసిన్లో కుంకుడు రసం కలిపిన నీళ్ళు పోసుకుని, ముక్కాలిపీట మీద కూర్చుని, బొమ్మలేసే మెత్తటి కుంచెతో ఒక్కో పువ్వునీ రేకుల సందుల్లోంచి తుడవడం. గట్టిగా రుద్దితే రేకు కమిలి మర్నాటికి గోధుమరంగు మచ్చ తేలుతుంది. తుడిచాక మంచినీళ్ళలో ముంచి, తలకిందులుగా దులిపి, మెట్లగదిలో టేబుల్ ఫ్యాన్ ముందు ఆరబెట్టాలి. ముప్పై కాడలకి రెండు గంటలు పట్టింది. నడుం పట్టేసింది. ఇంతా చేస్తే ఇది పువ్వుకి కొత్తగా ఏదీ ఇవ్వదు. నిన్న సాయంత్రం మొగ్గలో ఎంత తెల్లగా ఉందో అంత తెలుపు తిరిగి రావడానికే ఈ రెండు గంటలూ.

ఎనిమిదింటికి నజీర్ అహ్మద్ పంపిన ఆటో కింద వీధిలో హారన్ కొట్టింది. నజీర్‌కి కురుపాం మార్కెట్ దగ్గర బొకేల షాపుంది. పైడితల్లి పూలన్నీ ఆయనకే. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేడు. అందుకని ఆఫీసులకీ క్లినిక్కులకీ వెళ్ళి వాజులు సర్దే పని కూడా ఆమే చేస్తుంది.

ప్రతి సోమవారం మొదట వెళ్ళేది రేవు పక్కనున్న ప్రైవేటు బొగ్గు యార్డు ఆఫీసుకి. భర్త శ్రీరామ్మూర్తి ఆ యార్డులోనే నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. బొగ్గు గుట్ట మీద రాత్రంతా నీళ్ళు కొట్టడం అతని డ్యూటీ. నీళ్ళు పడితే పొడి లేవదు.

రిసెప్షన్లో పొట్టి బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని వాజు సర్దుతూండగా వాళ్ళ వీధివాళ్ళు ఎనిమిది మంది లోపలికొచ్చారు. ముందు దేముడమ్మ ఉంది. ఆమె పైడితల్లి కింది వాటాలో ఉంటుంది. జాలరిపేటలో చేపలు కొని ఊళ్ళో అమ్ముతుంది, మిగిలిన నెత్తళ్ళ లాంటి చిన్న చేపలు మేడ మీద ఓ మూల ఎండబెట్టుకుంటుంది. చేతిలో అర్జీ కాగితం, చంకలో గుడ్డ సంచి. యార్డువాళ్ళు వీధి వెనకాలే రెండో గుట్ట పోయడానికి పర్మిషన్ అడిగారు. దాని మీద జనం మాట వినడానికి ఆఫీసర్లు గురువారం సభ పెడుతున్నారు. అంతకుముందే ఒకసారి మేనేజరుతో మాట్లాడాలని వచ్చారు.

మేనేజరు మోహనకృష్ణ క్యాబిన్లోంచి బయటికొచ్చి అందరికీ కుర్చీలు వేయించాడు. మజ్జిగ తెప్పించాడు. దేముడమ్మ మజ్జిగ ముట్టకుండా సంచి విప్పి చూపించింది. నెత్తళ్ళు మసిలో పొర్లించినట్టు నల్లగా ఉన్నాయి.

"సూడండి బాబూ. నిన్నొకరోజు ఎండబెట్టినయ్యి. మడుసులు తినీవేనా ఇవి. మా మనవరాలు ఉమ్మితే నల్లగా పడతంది."

"అది రోడ్డు దుమ్మమ్మా. లారీలూ ఆటోలూ తిరిగే వీధి కదా," అన్నాడు మోహనకృష్ణ నెమ్మదిగా. "మేం రాత్రిపూట లోడింగే చెయ్యం. అయినా ట్యాంకరు తిరుగుతూనే ఉంటుంది." అని చుట్టూ చూశాడు. అతని చూపు వాజు మీద ఆగింది. ముఖంలో కాస్త వెలుగొచ్చింది. "ఈ పూలెక్కడివో తెలుసా మీకు. మీ వీధివే. మీ మేడ మీదవే. ఏమ్మా, అవునా?"

పైడితల్లి చేతిలో తడి కత్తితో తలెత్తింది. "అవును సార్, గానీ..."

"చూడండి, పాలనురుగులా ఉన్నాయి. బొగ్గు పడే చోట ఇలాంటి పువ్వు పూస్తుందా? నేనేం చెప్పినా మీరు నమ్మరు. మీ పొరుగావిడ పెంచిన పువ్వునైనా నమ్మండి."

"కడుగుతాను సార్," అంది పైడితల్లి. అప్పటికే ఎవరో లేచారు, కుర్చీ నేల మీద కీచుమంది. ఎనిమిది మందీ ఆమెనే చూస్తున్నారు. దేముడమ్మ సంచి మూతి ముడివేసింది. మేనేజరు వంక కోపంగా చూసిన మనిషే పైడితల్లి వంక చూసేసరికి కళ్ళు దించుకుంది. అందరికన్నా ముందు నడిచి వెళ్ళిపోయింది.

పైడితల్లి మిగిలిన కాడలు వాజులో పెట్టడం పూర్తిచేసి క్యాబిన్ తలుపు దగ్గర నిలబడింది. "సార్, ఆ పూలు నాను పొద్దున్నే కడుగుతాను. రెండు గంటలు. కుంచెట్టి కడుగుతాను. కడక్కపోతే నల్లగానే ఉంటాయి."

మోహనకృష్ణ ఫోన్లోంచి తలెత్తకుండా నవ్వాడు. "కడిగితే పోతోంది కదమ్మా. కడిగితే పోయేదానికి ఇంత గొడవెందుకు." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "గురువారం సభకి స్టేజి మీదికి ఐదు వాజులు కావాలి. అన్నీ తెలుపే. నజీర్ గారికి చెప్పాను. నీ పూలే ఉండాలి," అన్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం శ్రీరామ్మూర్తి నిద్రలేచి అన్నానికి కూర్చున్నాడు. పైడితల్లి చారు వడ్డిస్తూ అడిగింది.

"మావా, రాత్రి ట్యాంకరు తిరుగుతందా?"

"డ్యూటీ డ్యూటీలాగే ఉంటాది."

"నాను అడిగిందేటి, నువ్వు సెప్పిందేటి."

అతను కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేసి కాసేపు చారు వంక చూశాడు. "ఎందుకే నీకు. ఆ మేనేజరు ఏటో అన్నాడని నువ్వు పట్టుకు కూకుంటే ఎలాగ. ఆల్లు పెద్దోల్లు. మాట ఆల్లది, నోరు ఆల్లది."

"పువ్వు నాదే."

అతను వేళ్ళు నాక్కోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. యార్డులో చేరడానికి ముందు అతను రెండేళ్ళు ఖాళీగా తిరిగాడు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ నోటితో అనరు.

సాయంత్రం క్లినిక్కులో వాజు సర్ది ఇంటికొచ్చేసరికి మేడ మీద మాటలు వినిపించాయి. ఎక్కి చూస్తే మెడలో కెమెరా వేసుకున్న ఒకతను డ్రమ్ముల మధ్య వంగి ఉన్నాడు. శ్రీరామ్మూర్తి తడిగుడ్డతో లిల్లీ ఆకులు ఒక్కొక్కటీ పైనుంచి కిందికి తుడుస్తున్నాడు. అతని పక్కన బకెట్లో నీళ్ళు నల్లటి టీలా ఉన్నాయి.

"ఏటి సేత్తన్నావ్ మావా?"

"మేనేజరు సారు పంపించేడు. సభలో కట్టీ ఫ్లెక్సీకంట." అతను ఆమె వంక చూడకుండా ఇంకో ఆకు పట్టుకున్నాడు. "ఆకులు మెరవాలన్నారు."

"అమ్మా, మీరేనా తోట పెంచేది," అన్నాడు ఫోటో అతను సంతోషంగా. "ఇలా నిలబడండి. ఒక కాడ చేత్తో పట్టుకోండి. కొంచెం నవ్వండి."

ఆమె నిలబడలేదు. మెట్ల దగ్గరే ఉండిపోయింది. శ్రీరామ్మూర్తి గుడ్డ పిండి, అప్పుడు మాత్రం తలెత్తి ఆమెని చూశాడు. ఆ చూపులో ఆజ్ఞ లేదు. ఒక్క క్షణం నిలబడితే అయిపోతుంది కదా అన్న బతిమాలడం ఉంది. ఆమె వెళ్ళి నిలబడింది. అప్పుడే విచ్చుకుంటున్న కాడ పట్టుకుంది. నవ్వమంటే నవ్వింది. కెమెరా నాలుగుసార్లు చప్పుడు చేసింది.

కింద వాకిట్లో దేముడమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేప పొలుసు తీస్తూ ఉంది. ఫోటో అతను ఆమెని దాటుకుంటూ మెట్లు దిగి వెళ్ళాడు. ఆమె తలెత్తలేదు. పొలుసు మాత్రం ఇంకాస్త దూరం ఎగిరి పడింది.

ఆ రాత్రి శ్రీరామ్మూర్తి డ్యూటీకి వెళ్ళేటప్పుడు, రోజూ ఆమె అందించే టిఫిన్ క్యారియర్ తనే తీసుకుని పోయాడు.

*

బుధవారం కోసిన పూలు ఎప్పట్లాగే కడిగింది. కడుగుతూ ఉంటే ఒళ్ళు మండింది. కుంచె ఆడించే ప్రతిసారీ మోహనకృష్ణ మాటకి తనే రుజువు తయారుచేసి ఇస్తున్నట్టు అనిపించింది. ఇన్నాళ్ళూ ఈ పని మీద ఆమెకి లోపల్లోపల గర్వం ఉండేది. ఇంత మసిలోనూ ఇంత తెల్లటి పువ్వు తీస్తున్నాను అనుకునేది. ఆ గర్వం ఇప్పుడు నోట్లో చేదుగా తగులుతోంది.

కిందికి దిగి దేముడమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"పిన్నీ."

"ఏటి."

"ఆల్లు అన్నారని నువ్వూ అలా అనుకుంటే ఎలాగ. నాను కడుగుతానని నీకు తెల్దేటి. పొద్దుపొద్దున్నే తూములోంచి నల్లనీళ్ళు నీ వాకిట్లోంచే కదా పోతాయి."

దేముడమ్మ లోపల్నించి గుమ్మం దాకా వచ్చింది. చేతులకి ఉప్పు అంటుకుని ఉంది. "తెల్సమ్మా. నాకు తెల్సు. నాకు తెల్సి ఏటి లాభం. ఆ కుర్సీల్లో కూకున్నోల్లకి తెలవాల. ఆల్లకి నీ నల్లనీళ్ళు కనపడతాయేటి. తెల్లపువ్వే కనపడతాది." గొంతులో కోపం తక్కువే, అలసటే ఎక్కువ. "ఆ అర్జీ రాయించడానికి ముగ్గురి కాళ్ళు పట్టుకున్నాను. సంచి విప్పి సూపించేను. ఒక్క పువ్వు సూపించి నా నోరు మూయించేసేడు. నీ మీద కోపం నేదు. నిన్ను సూత్తే ఆ మాట గుర్తొత్తంది. అంతే."

తలుపు వేసుకోలేదు గానీ లోపలికి వెళ్ళిపోయింది.

పైడితల్లి పూలు పట్టుకుని నడిచే కురుపాం మార్కెట్‌కి వెళ్ళింది. నజీర్ షాపులో గులాబీలకి ముళ్ళు తీస్తున్నాడు. ఆమె బకెట్ దింపి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"నజీర్ భాయ్. రేపు సభకి పూలు కడగను."

ఆయన చెయ్యి ఆగింది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఆమెని చూశాడు. ఆమె సోమవారం నాటి సంగతి మొత్తం చెప్పింది. మధ్యలో ఒకసారి ఆగి, గులాబీ ఆకొకటి తుంచి, మడిచి, మళ్ళీ మడిచింది. ఆయన విన్నంతసేపూ ముళ్ళు తీస్తూనే ఉన్నాడు.

"ఈ షాపులో మా నాన్న కూర్చున్నాడు," అన్నాడు చివరికి. "వాడిన పువ్వు ఒక్కటి బయటికి పంపనేదు ఆయన. నేనూ పంపనేదు. నువ్వు మసి పువ్వు స్టేజి మీద పెట్టమంటన్నావ్."

"మీరు వద్దంటే ఇంకెవరికీ ఇవ్వను. మానేత్తాను."

బయట ఎవరో వచ్చి మూర గులాబీ దండ కావాలని అడిగితే, ఇచ్చి పంపించాడు. తిరిగొచ్చి కూర్చుని, తన చొక్కా కాలరు వేలితో రుద్ది, నల్లబడిన ఆ వేలు వంక చూసుకున్నాడు. ఆయన ఇల్లు కూడా ఆ యార్డుకి దగ్గర్లోనే, పాతూళ్ళో.

"అలాగైతే ఒక మాట బేటీ. రేపు కాడలన్నీ ఒకే ఎత్తుండాల. వేళకి విచ్చినవే ఉండాల. వాజులో నీళ్ళు అద్దంలా ఉండాల, ఒక్క ఆకు కూడా నీళ్ళలో మునక్కూడదు. పనిలో ఎక్కడన్నా వంక దొరికిందనుకో, పూలోల్లు సరిగ్గా సెయ్యనేదు అనేసి ఊరుకుంటారు. మసి తప్ప ఇంకో తప్పు కనపడకూడదు."

*

గురువారం తెల్లారి ఆమె వేలితో గీత గీయలేదు. తిన్నగా డ్రమ్ముల దగ్గరికి వెళ్ళి, టార్చి వేసి, కాడలు ఎంచింది. నలభై కాడలు కోయడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టింది. ఒక్కోదాన్నీ కర్రతో కొలిచింది. పువ్వుకి చెయ్యి తగలకుండా మొదలు పట్టుకుని, ఒకదానికొకటి రాసుకోకుండా నాలుగు బకెట్లలో పలచగా నిలబెట్టింది. విచ్చుకున్న రెండేసి పూలూ బూడిద చల్లినట్టున్నాయి. లోపల రేకుల మధ్య నలుపు గింజల్లా నిలిచి ఉంది.

ఆరున్నరకి శ్రీరామ్మూర్తి డ్యూటీ దిగి వచ్చాడు. నేరుగా మేడెక్కాడు. బేసిన్ బోర్లించి ఉంది. కుంచె పొడిగా ఉంది. పైడితల్లి మెట్ల మీద కూర్చుని టీ తాగుతోంది.

"కడగనేదేటి?"

"నేదు."

"ఆ పూలు పట్టికెల్లి ఆల్ల స్టేజి మీద పెడతావా?"

"పెడతాను."

అతను పిట్టగోడకి చేతులానించి నిలబడ్డాడు. రేవులో క్రేన్ల మీద లైట్లు ఇంకా ఆరలేదు. "మమ్మల్నందర్నీ సభకి రమ్మన్నారు. యూనిఫారం ఏసుకోని," అన్నాడు. ఆమె టీ అయిపోయాక గ్లాసు పక్కన పెట్టి లేచి, పాత చీర ఒకటి తీసి బకెట్ల మీద కప్పబోయింది. చీర అంచు పూలకి తగిలేలా ఉంది. అతను వచ్చి అటు కొస పట్టుకున్నాడు. డ్రమ్ముల్లో మొక్కలకి ఊతంగా పాతిన కర్రలు నాలుగు తెచ్చి బకెట్లకి అడ్డంగా పెట్టి, చీరని రెండుగా చింపి, వాటి మీదుగా రెండేసి బకెట్లని గుడారంలా కప్పి, మూలమూలా తాడు కట్టాడు. పువ్వుకి గుడ్డ తగల్లేదు. తర్వాత బకెట్లు రెండేసి చొప్పున మోసి ఆటోలో పెట్టాడు. స్నానం కూడా చెయ్యకుండా ఆటోలో వెనక కూర్చుని, బకెట్లు ఒరగకుండా రెండు కాళ్ళతో ఒత్తిపట్టుకున్నాడు.

సభ ఒక కల్యాణమండపంలో. వెనక గోడ నిండా ఫ్లెక్సీ. అందులో నీలం డ్రమ్ముల మధ్య మెరిసే ఆకులు, తెల్లటి కాడ పట్టుకుని నవ్వుతున్న పైడితల్లి. ఆమె ఒకసారి చూసి మళ్ళీ అటు తిరగలేదు. తెల్లగుడ్డ పరిచిన పొడుగుబల్ల మీద ఐదు వాజులూ సర్దింది. ఒక్కో వాజుకి ఎనిమిది కాడలు, అన్నీ ఒకే ఎత్తు, ఒక్క ఆకూ నీళ్ళకి తగలకుండా. నజీర్ కర్ర పట్టుకుని మోకాళ్ళ నొప్పితోనే వచ్చి, హాలు చివర నిలబడి కుడివైపు వాజు కొంచెం జరపమని చేత్తో సైగ చేశాడు. ఆమె జరిపింది.

మోహనకృష్ణ చూసేసరికి ఆఫీసర్లు లోపలికి వచ్చేస్తున్నారు. అతను గబగబా బల్ల దగ్గరికొచ్చి, "ఏంటిది. ఏంటమ్మా ఇది. తీసెయ్, తీసెయ్," అన్నాడు పళ్ళ మధ్యనుంచి. ఆమె కదల్లేదు. పర్మిషన్ సంగతి తేల్చాల్సిన ఆఫీసరు జ్యోతిర్మయి అప్పటికే మధ్య కుర్చీలో కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. ఫైలు తెరిచి కాగితం మీద పెన్ను పెట్టింది. వాజులోంచి ఒక పువ్వు ఊడి ఆ కాగితం మీద పడింది. ఆమె దాన్ని పక్కకి తోసేసరికి కాగితం మీద బొటనవేలంత నల్లటి చార పడింది.

ఆమె చార వంక చూసింది. వేలు చూసుకుంది. పువ్వు తీసి వాసన చూసింది.

"సారీ మేడమ్," అన్నాడు మోహనకృష్ణ. "పూలవాళ్ళ నిర్లక్ష్యం. ఆటోలో తెచ్చేటప్పుడు రోడ్డు దుమ్ము పడినట్టుంది. ఇప్పుడే మార్పిస్తాను."

"ఎవరు తెచ్చారు?"

"నాను మేడమ్." పైడితల్లి స్టేజి పక్కనుంచి ముందుకొచ్చింది. బల్ల అంచు పట్టుకుంది. "ఆ బొమ్మలో ఉన్నది నానే."

జ్యోతిర్మయి వెనక్కి తిరిగి ఫ్లెక్సీ చూసి, మళ్ళీ ఆమెని చూసింది. "అందులో తెల్లగా ఉన్నాయే."

"ఆకులు తుడిచి తీసేరు. పూలు నాను రోజూ కడుగుతాను. ఎన్నో ఏళ్ళుగా కడుగుతన్నాను. కడిగిన పువ్వు సూపించి మా ఈదిలో మసి నేదన్నారు. అందుకని ఈయాల కడగనేదు."

హాల్లో గుసగుస లేచింది. "మేడమ్, ఎన్ని రోజుల నుంచి పట్టిన దుమ్మో అది," అన్నాడు మోహనకృష్ణ. "పదిరోజులది కావచ్చు."

"ఒక్క రాత్రిది సార్," అంది పైడితల్లి. వాజులోంచి ఒక కాడ పైకి తీసింది. పువ్వుల సంగతి మొదలుపెట్టేసరికి ఆమె గొంతు కుదుటపడింది. "లిల్లీ మొగ్గ సందకాడ ఇచ్చుకుంటాది మేడమ్. ఈ పువ్వు నిన్న సందకాడ ఇచ్చుకుంది. ఈ పైది ఈయాల సందకాడ ఇచ్చుకోవాల." ఉబ్బిన మొగ్గని రెండు బొటనవేళ్ళ గోళ్ళతో నెమ్మదిగా విప్పింది. లోపలి రేకులు తడితడిగా, తెల్లగా తెరుచుకున్నాయి. ఆ కాడనే బల్ల మీద పెట్టింది. ఒకదాని పక్కన ఒకటి, తెరిచిన మొగ్గ, విచ్చుకున్న పువ్వు. "లోపల సూడండి. మొగ్గలోకి ఏదీ దూరదు. నిన్న సందకాడ నుంచి ఈయాల పొద్దున్న నాను కోసినదాకా పడ్డదే ఇది."

జ్యోతిర్మయి లేచి నిలబడి రెండింటి మీదికీ వంగింది. పక్కనున్న ఇద్దరు ఆఫీసర్లూ వంగారు.

"ఆటోలో పడిందనే అంటున్నారు వాళ్ళు."

హాలు వెనక యూనిఫారాల వరసలోంచి ఒక గొంతు వచ్చింది. "ఆటోలో పడనేదు మేడమ్. బకెట్లు కప్పింది నానే."

శ్రీరామ్మూర్తి నిలబడి ఉన్నాడు. చేతిలో టోపీ. మోహనకృష్ణ అతన్ని గుర్తుపట్టి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "మేడమ్, ఇతను మా ట్యాంకరు డ్రైవరే. నైట్ డ్యూటీ. మీరే అడగండి, రాత్రి నీళ్ళు కొడుతున్నామో లేదో."

"కొట్టారా రాత్రి?" అని అడిగింది జ్యోతిర్మయి.

శ్రీరామ్మూర్తి టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు. పైడితల్లి అతని వంక చూడలేకపోయింది. బల్లగుడ్డ కుట్టు వంక చూస్తూ నిలబడింది. ఎవరో దగ్గారు.

"నేదు మేడమ్. పంపు పాడైపోయింది. జనవరి నుంచి రాత్రి బండి తియ్యనేదు. లోడింగు మాత్రం జరుగుతంది." ఇంకేదో చెప్పాలన్నట్టు పెదాలు కదిపి, చెప్పకుండానే కూర్చున్నాడు.

ఆ తర్వాత మాటలు చాలా జరిగాయి. వీధివాళ్ళు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. దేముడమ్మ కూడా మాట్లాడింది. నెత్తళ్ళ సంచి మళ్ళీ విప్పింది. రెండో గుట్ట సంగతి ఇప్పుడు తేల్చననీ, నెలరోజులు వీధిలో మిషన్ పెట్టి ధూళి కొలిపిస్తాననీ, ట్యాంకరు లాగ్‌బుక్ తెప్పించుకుంటాననీ జ్యోతిర్మయి రాసుకుంది. ఆ లాగ్‌బుక్‌లో ఏం రాసి ఉంటుందో, మిషన్ ఎక్కడ పెడతారో, నెల తర్వాత ఈ ఆఫీసరే ఉంటుందో లేదో, ఎవరికీ తెలీదు. ఆమె వెళ్తూ మూడు కాడలు కాగితంలో చుట్టించుకుంది. పూలకి నీళ్ళు తగలనివ్వొద్దని పైడితల్లి చెప్పింది.

సభ అయ్యాక స్టేజి ఖాళీ చేసేవాళ్ళు మిగతా పూలు ఎత్తి మండపం వెనక చెత్తకుండీలో పడేశారు. వాజులు మాత్రం తెచ్చి నజీర్‌కి ఇచ్చారు. సోమవారం నుంచి యార్డు ఆఫీసుకి పూలు తేనక్కర్లేదని కూడా చెప్పారు. నజీర్ వాజులు లెక్క చూసుకుని, "పని బాగా చేశావ్ బేటీ. ఒక్కడూ కాడలకి వంక పెట్టనేదు," అన్నాడు. దేముడమ్మ వచ్చి రెండు వాజులు రెండు చంకల్లో పెట్టుకుని ఆటో దాకా మోసింది.

*

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి పైడితల్లి జెర్బెరా డ్రమ్ముల దగ్గర ఉండగా శ్రీరామ్మూర్తి మెట్లెక్కి వచ్చాడు. గురువారం రాత్రి అతను ఎప్పట్లాగే డ్యూటీకి వెళ్ళాడు. గేటు దగ్గర లోపలికి వదల్లేదు. తెల్లారేదాకా రోడ్డు మీద టీకొట్టు బల్ల మీదే కూర్చున్నాడు.

"పంపేసేరా?"

"ఇంక రావద్దన్నారు."

ఆమె తలూపింది. అతని టిఫిన్ క్యారియర్ అందుకుని చూస్తే మూత కూడా తియ్యలేదు. దాన్ని మెట్ల మీద పెట్టి, పక్కకి జరిగి, డ్రమ్ముల మధ్య అతనికి చోటిచ్చింది.

"క్లినిక్కుకి పన్నెండు కావాల. జెర్బెరా కత్తెట్టి కొయ్యకూడదు. కాడ మొదల్లో పట్టుకోని, పక్కకి తిప్పి లాగాల. సగంలో తెగిందనుకో, మిగిలింది కుళ్ళి దుబ్బంతా పోద్ది."

అతను వంగి, స్టీరింగుకి అలవాటైన పెద్ద వేళ్ళతో ఒక కాడ మొదలు పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. మళ్ళీ తిప్పాడు. చిన్న టక్కుమన్న చప్పుడుతో మొదలంటా ఊడి వచ్చింది. ఆమెకి అందించాడు. రెండోది తీశాడు. మూడోది పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"పైడీ."

"ఊఁ."

"బండి తియ్యనేదని సెప్పేను గానీ, అంతా సెప్పనేదు." అతను ఆమె వైపు తిరగలేదు, పూలతో మాట్లాడుతున్నట్టున్నాడు. "గుట్ట దగ్గిర పొడి లేత్తా ఉంటే నాను ట్యాంకరు క్యాబిన్లో పడుకునీవోడ్ని. అద్దాలు బిగించుకోని. మొహానికి పడకుండా. మూడు నెల్లూ అలాగే పడుకున్నాను. ఆ పొడి ఇటే వొత్తాదని తెల్సి."

పైడితల్లి చేతిలో ఉన్న రెండు కాడల కొసలూ సమానం చేసి నీళ్ళలో పెట్టింది.

"తెల్సు," అంది.

అతను తిరిగి చూశాడు.

"నీ సొక్కాలు ఉతికేది నానే కదా మావా. రాత్రంతా బొగ్గు యార్డులో పన్జేసొచ్చినోడి సొక్కా అంత తెల్లగా ఉంటాదేటి." ఆమె బకెట్ అతని వైపు జరిపింది. "మొన్నటిదాకా నాను మాత్రం అడిగేనా ఏటి, మూడు నెల్లూ."

అతను వంగి, మూడో కాడ మొదలు పట్టుకుని, ఈసారి నిదానంగా పక్కకి తిప్పాడు.